వైజాగ్ నుంచి డాలస్‌కి అసలు ఎన్ని గంటలు? 16, 20న్నర, 31... ఏది నమ్మాలి?

గాజువాక_అబ్బాయి
మా అక్క డాలస్‌లో ఉంటుంది, మే నెలలో కాన్పు. అమ్మని పంపాలి. అమ్మకి 67 ఏళ్లు, షుగర్ ఉంది, ఇంగ్లిష్ రాదు, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి, పైగా ఒక్కతే వెళ్లాలి. నాకు సెలవు దొరకలేదు. నెట్‌లో దూరం చూస్తే 14,400 కిలోమీటర్లు అన్నారు. విమానం గంటకి 900 పోతుంది కదా, అంటే 16 గంటలు. ట్రావెల్ ఏజెంటు మాత్రం ఇరవైన్నర గంటలు అన్నాడు. శనివారం రాత్రి 7.30కి ఇక్కడ ఎక్కితే ఆదివారం సాయంత్రం 4కి డాలస్‌లో దిగుతుందట. అదే టికెట్ నేను వెబ్‌సైట్‌లో చూస్తే 31 గంటలు అని ఉంది. ఒకే ప్రయాణానికి మూడు లెక్కలా? అమ్మకి ఏం చెప్పాలో తెలియక రెండు రోజుల నుంచి టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు ఎవరైనా సరిగ్గా చెప్పండి.

మద్దిలపాలెం_మూర్తి
31 కరెక్ట్. ఏజెంటు గడియారం చూసి తీసేశాడు, టైమ్ తేడా కలపలేదు.

సీతమ్మధార_సిరి
మే నెలలో మనకీ డాలస్‌కీ పదిన్నర గంటల తేడా. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి తిప్పుకుంటారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. చలికాలంలో అయితే పదకొండున్నర తేడా. కాబట్టి ఏజెంటు చెప్పిన ఇరవైన్నరకి పదిన్నర కలపండి, 31 వచ్చేస్తుంది. అమ్మ డాలస్‌లో సాయంత్రం 4కి దిగేసరికి ఇక్కడ మీకు సోమవారం తెల్లవారుజాము 2.30 అవుతుంది. ఫోన్ కోసం ఆదివారం సాయంత్రం నుంచే ఎదురుచూడకండి, బెంగ పెట్టుకుంటారు. మా నాన్నగారు వెళ్లినప్పుడు నేను అలాగే కూర్చున్నాను.

గాజువాక_అబ్బాయి
ఓహో. మరి 16 గంటల లెక్క ఎక్కడ తప్పింది? దూరం తప్పా, స్పీడు తప్పా?

బొబ్బిలి_మాస్టారు
రెండూ తప్పు కాదు బాబూ. నేను ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ణి, ఈ దూరం గురించి ఒక మాట చెప్పాలని ఉంది. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే తీయి. ఒక దారం ముక్క తీసుకుని ఒక కొస వైజాగ్ మీద వేలితో నొక్కి పట్టుకో, రెండో కొస డాలస్ మీద పెట్టి గట్టిగా లాగు. దారం గల్ఫ్ వైపూ పోదు, యూరప్ వైపూ పోదు. నిటారుగా పైకి, ఉత్తర ధ్రువం మీదకి పోతుంది. వైజాగ్ తూర్పు రేఖాంశం 83.2, డాలస్ విమానాశ్రయం పశ్చిమ రేఖాంశం 97. రెండూ కలిపితే 180.2. అంటే భూమికి సరిగ్గా అవతలి పక్క గీత. ఇక్కడి నుంచి ముక్కుసూటిగా ఉత్తరానికి పోతే కాశీ పక్కనుంచి, హిమాలయాలు, టిబెట్టు దాటి, సైబీరియాలో నోవోసిబిర్స్క్ దగ్గరగా పోయి, ధ్రువం చేరి, అక్కడి నుంచి తిన్నగా కిందికి కెనడాలో విన్నిపెగ్, అమెరికాలో విచిటా, ఆ తర్వాత డాలస్. మెలిక అన్నదే లేదు.

దూరం కూడా కాగితం మీద తేల్చుకోవచ్చు. వైజాగ్ అక్షాంశం 17.7, డాలస్ 32.9. ఈ రెండూ 180లో తీసేస్తే 129.4 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కిలోమీటర్లు చొప్పున గుణించు, సుమారు 14,390 వస్తుంది. నువ్వు నెట్‌లో చూసింది ఇదే. కాకపోతే ఆ దారిలో మీ అమ్మగారిని తీసుకెళ్లే విమానం ఏదీ లేదు.

ఎంవీపీ_సెక్టార్6
మాస్టారూ ఇప్పుడే మా పాప గ్లోబు మీద చేసి చూశాను, నిజంగానే కాశీ పక్కనుంచి పోయింది! మా ఆవిడని కూడా పిలిచి చూపించాను.

ఫ్లైట్_పిచ్చి
మాస్టారి లెక్క బంగారం. ఆ దారిలో ఎందుకు పోరో నేను చెప్తాను. మొదటిది టిబెట్. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే పది వేల అడుగులకి దిగాలి, లేకపోతే జనానికి ఊపిరి ఆడదు. టిబెట్‌లో నేలే చాలాచోట్ల పద్నాలుగు, పదిహేను వేల అడుగులుంటుంది, కొండల సంగతి చెప్పక్కర్లేదు. దిగడానికి చోటు ఉండదు. అందుకే అటువైపు మామూలు రూట్లు తక్కువ. రెండోది ధ్రువం. అక్కడ పైన చలికి విమానం ఇంధనం కూడా గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, మనం వాడే జెట్ ఎ-1 రకం మైనస్ 47 డిగ్రీల వరకే ఆగుతుంది. పైగా దారిలో ఏదైనా తేడా వస్తే దిగడానికి దగ్గరలో విమానాశ్రయాలు ఉండవు. అలాగని పోకుండా లేరు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ధ్రువం మీదుగా వచ్చింది. నడిపింది అందరూ ఆడవాళ్లే, కెప్టెన్ జోయా అగర్వాల్, వాళ్లలో కెప్టెన్ పాపగారి తన్మయి ఒకరు. దాదాపు 14,000 కిలోమీటర్లు, 17 గంటలు. అంటే మన వైజాగ్-డాలస్ దూరానికి ఇంచుమించు సమానం.

కంచరపాలెం_కుర్రోడు
అయితే వైజాగ్ నుంచి డైరెక్ట్ వేయొచ్చు కదా బ్రో. మనవాళ్లు సగం మంది డాలస్‌లోనే ఉన్నారు.

ఫ్లైట్_పిచ్చి
దూరం సమస్య కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఆగకుండా పోతున్నారు, పద్దెనిమిది గంటలు దాటుతుంది. సమస్య జనం. రోజూ అంత పెద్ద విమానం నిండాలి, అందులో ఎక్కువ డబ్బు పెట్టి బిజినెస్ క్లాసులో కూర్చునేవాళ్లు కొందరైనా ఉండాలి. హైదరాబాద్ అంత ఊరి నుంచే 2021 జనవరిలో చికాగోకి డైరెక్ట్ మొదలుపెట్టి తర్వాత ఆపేశారు. ఇక మన పాత ఎయిర్‌పోర్టు రన్‌వే నేవీ వాళ్లది, వాళ్ల ఐఎన్ఎస్ డేగా స్థావరంలోది. వాళ్ల విమానాలు ఎగిరే టైములో మనవి ఆగాలి.

షీలానగర్_కుమార్
భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు ఉందిగా. అక్కడ రన్‌వే పెద్దది, నేవీ గొడవ లేదు.

ఫ్లైట్_పిచ్చి
భోగాపురంతో రన్‌వే బాధ తీరుతుంది, కానీ రోజూ మూడొందల మంది ఎక్కడి నుంచి వస్తారన్నది అలాగే ఉంటుంది. ముందు దుబాయ్, దోహా లాంటివి వైజాగ్ నుంచి నేరుగా రావాలి. అది వచ్చినా చాలు, హైదరాబాద్‌లో రాత్రంతా కాచుకోవడం తప్పుతుంది.

షీలానగర్_కుమార్
నేను ఒప్పుకోను. సర్వీసు వేయకుండా జనం లేరని ఎలా అంటారు? శ్రీకాకుళం నుంచి తుని దాకా అందరూ హైదరాబాద్ పోయి ఎక్కుతున్నారు, వాళ్లందరూ హైదరాబాద్ లెక్కలోకి పోతున్నారు. మన జనం మన లెక్కలో లేరు, అంతే.

బొబ్బిలి_మాస్టారు
ఆ మాటలో న్యాయం ఉంది. మా ఊరి నుంచి పోయిన పిల్లలందరూ శంషాబాద్‌లోనే ఎక్కారు.

మద్దిలపాలెం_మూర్తి
మనం దారి తప్పుతున్నాం, పాపం ఆ అబ్బాయికి టికెట్ కావాలి. తమ్ముడూ, నీ టికెట్ పూర్తి వివరం పెట్టు.

గాజువాక_అబ్బాయి
ఇదిగోండి. మొదటిది: వైజాగ్ 7.30, హైదరాబాద్ 8.50. అక్కడ తెల్లవారుజాము 3.40కి ఎక్కితే దోహాలో 5.40. దోహాలో 8కి ఎక్కితే డాలస్ సాయంత్రం 4. అన్నీ అక్కడక్కడి టైములు, మొత్తం ఒకే పీఎన్ఆర్, అంటే ఒకే బుకింగు. రెండోది: వైజాగ్-హైదరాబాద్ వేరే కంపెనీ, రాత్రి 11కి బయలుదేరి 12.20కి దిగుతుంది, మిగతాదంతా మొదటి టికెట్టే. ఇది 27న్నర గంటలు, పైగా 18 వేలు తక్కువ. కానీ పీఎన్ఆర్‌లు రెండు. నాకైతే రెండోదే నయం అనిపిస్తోంది, అమ్మ హైదరాబాద్‌లో ఏడు గంటలు ఎందుకు కూర్చోవాలి?

సీతమ్మధార_సిరి
మొదటి టికెట్ విడదీస్తే: గాలిలో 1.20, 4.30, 16, మొత్తం 21 గంటల 50 నిమిషాలు. కూర్చునేది హైదరాబాద్‌లో 6.50, దోహాలో 2.20, మొత్తం 9 గంటల 10 నిమిషాలు. మీ 16కీ 31కీ మధ్య పోయిన గంటల్లో ఎక్కువ భాగం కుర్చీలోనే పోయింది, దూరంలో కాదు.

ఫ్లైట్_పిచ్చి
దూరం కూడా కొంత పెరుగుతుంది సిరి గారూ. వైజాగ్-హైదరాబాద్ 510, హైదరాబాద్-దోహా 2,910, దోహా-డాలస్ 12,740. కలిపితే సుమారు 16,160. తిన్నగా పోయేదానికంటే 1,770 కిలోమీటర్లు ఎక్కువ, రెండు గంటల పని. ఇంకొకటి, 900 స్పీడు పైకి ఎక్కాకే. రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం అన్నీ నెమ్మదే. హైదరాబాద్‌కి 510 కిలోమీటర్లకి గంటా ఇరవై ఎందుకు పడుతుందో చూస్తే అర్థమవుతుంది.

పెందుర్తి_లక్ష్మి
రెండో టికెట్ మాత్రం తీసుకోకు తమ్ముడూ. నా సంగతి చెప్తాను. 2022 మేలో అసని తుఫాను వచ్చినప్పుడు మా అత్తగారిని ఇలాగే రెండు టికెట్ల మీద పంపాం. వైజాగ్ విమానం రద్దయింది. హైదరాబాద్ నుంచి పోయే కంపెనీ వాళ్లని అడిగితే మీరు రాకపోతే మాకేం సంబంధం అన్నారు. డబ్బు మొత్తం పోయింది, మళ్లీ కొన్నాం. ఒకే పీఎన్ఆర్ అయి ఉంటే మొదటిది ఆగినా వాళ్లే ఇంకో దాంట్లో పంపాలి. మే నెల సాయంత్రాలు మన దగ్గర ఉరుములు, గాలివాన మామూలే. 18 వేలకి చూసుకుంటే లక్ష పోతుంది.

కంచరపాలెం_కుర్రోడు
అక్కా తుఫాను ఎప్పుడో వస్తుంది. నేను నాలుగు సార్లు రెండు పీఎన్ఆర్‌ల మీదే వెళ్లాను, ఏమీ కాలేదు. మూడు గంటల ఇరవై నిమిషాలు చాలదా? హైదరాబాద్‌లో టెర్మినల్ కూడా ఒకటే.

పెందుర్తి_లక్ష్మి
నువ్వు కుర్రాడివి, పరిగెత్తి ఎక్కేస్తావు. ఆవిడ 67 ఏళ్ల మనిషి. రెండు టికెట్లంటే హైదరాబాద్‌లో బెల్టు మీద 23 కేజీల పెట్టెలు రెండు దింపుకోవాలి, ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చి మళ్లీ పైకెళ్లి లైన్లో నిలబడాలి. కౌంటరు గంట ముందే మూసేస్తారు. అక్కడ ఎవరు దింపుతారు ఆ పెట్టెలు?

కంచరపాలెం_కుర్రోడు
అది నిజమే అక్కా. పెట్టెల సంగతి ఆలోచించలేదు. ఒకే పీఎన్ఆర్ తీసుకో అన్నా.

భీమిలి_గాలి
హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబరు 12, మన ఎయిర్‌పోర్టు పైకప్పే ఎగిరిపోయింది, అయిదారు రోజులు విమానాలే లేవు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు అమెరికా వెళ్లినా ఒకరోజు ముందు రైల్లో హైదరాబాద్ పంపేస్తాం. వందేభారత్ పొద్దున్నే ఎక్కితే ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాద్. చుట్టాలింట్లో ఒక రాత్రి పడుకుని తీరిగ్గా ఎయిర్‌పోర్టుకి.

మద్దిలపాలెం_మూర్తి
అక్టోబరు, నవంబరు అయితే నేనూ అదే అంటాను. మేలో షుగర్ ఉన్న మనిషిని ఎనిమిదిన్నర గంటలు రైల్లో కూర్చోబెట్టి, మళ్లీ సికింద్రాబాద్ నుంచి శంషాబాద్ దాకా కారులో తిప్పి, ఆ పైన ఇరవైన్నర గంటలు విమానమా? వద్దు.

రుషికొండ_రాజు
సింగపూర్ మీదుగా ఎందుకు చూడట్లేదు? వైజాగ్ నుంచే స్కూట్ కంపెనీ విమానం ఉంది, నాలుగు గంటలు. హైదరాబాద్ గోలే లేదు.

ఫ్లైట్_పిచ్చి
డాలస్‌కి అది చుట్టు తిరుగుడు. వైజాగ్-సింగపూర్ 2,910, సింగపూర్-శాన్‌ఫ్రాన్సిస్కో 13,590, అక్కడి నుంచి డాలస్ 2,350. మొత్తం 18,850. దోహా దారి కంటే 2,700 ఎక్కువ, అమెరికాలో దిగాక ఇంకో విమానం కూడా. కానీ శాన్‌ఫ్రాన్సిస్కో వరకే అయితే మీ మాట నిజం. సింగపూర్ దారి 16,500, దోహా దారి 16,420, రెండూ ఒకటే. పైగా మూడు విమానాలకి బదులు రెండే.

రుషికొండ_రాజు
మా అమ్మాయి ఉండేది అక్కడే లెండి, అందుకే నాకు అదే తోచింది.

డాలస్_పిన్ని
నేను 19 ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, మాది దొండపర్తి. మా అమ్మని అయిదుసార్లు ఒంటరిగా రప్పించాను. శ్రద్ధగా విను బాబూ. టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ అడుగు. అమ్మ నడవగలదు కదా అనుకోకు. అది కాళ్ల కోసం కాదు, భాష కోసం. వైజాగ్‌లో ఒకరు తోసుకెళ్తారు, హైదరాబాద్‌లో ఒకరు, దోహాలో ఒకరు, ఇక్కడ ఇమిగ్రేషన్ దాటించి బయట మీ అక్క చేతిలో పెట్టేదాకా ఒకరు. గేటు మారినా ఆవిడకి తెలియక్కర్లేదు.

రెండోది, వైజాగ్ కౌంటర్లో పెట్టెకి కట్టే ట్యాగు నువ్వు కళ్లతో చూడు. దాని మీద డాలస్ ఎయిర్‌పోర్టు కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ అని ఉండాలి. హైదరాబాద్ కోడ్ హెచ్‌వైడీ అని మాత్రమే ఉంటే అక్కడే ఆపి అడుగు.

మూడోది, ఒక కార్డు మీద పెద్ద అక్షరాలతో ఇంగ్లిష్‌లో అక్క పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, ఎందుకు వస్తోంది, ఎన్నాళ్లు ఉంటుంది రాసి పాస్‌పోర్టులో పెట్టు. కిందనే తెలుగులో అదే రాయి, తను ఏం చూపిస్తోందో తనకి తెలియాలి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు కార్డు చేతిలో పట్టుకునే ఉంది, ఆఫీసరు అది చదివి తెలుగు మాట్లాడే మనిషిని ఫోన్‌లోకి పిలిచాడు.

గాజువాక_అబ్బాయి
పిన్నిగారూ, చాలా థాంక్స్. వీల్‌చెయిర్ అంటే అమ్మ ఒప్పుకోదు, నాకేమైందిరా అంటుంది. కానీ మీరు చెప్పినట్టు భాష కోసం అని చెప్తాను. షుగర్ మందుల సంగతి ఎలా? రాత్రి టాబ్లెట్ ఏ రాత్రికి వేసుకోవాలి?

ఆశీల్‌మెట్ట_డాక్టరమ్మ
ఇది మీ డాక్టరుగారినే అడగాలి, టికెట్ టైములు కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఎందుకంటే పడమరకి పోతుంటే ఆవిడకి ఆ రోజు పదిన్నర గంటలు పొడవవుతుంది. గోడ గడియారం చూసి మందు వేసుకుంటే మధ్యలో ఒక డోసు తప్పినా తప్పుతుంది, రెండుసార్లు పడినా పడుతుంది. ఇన్సులిన్ వాడుతుంటే అది ఇంకా జాగ్రత్త. నేను చెప్పగలిగింది: మందులు, చీటీ అన్నీ చేతి సంచిలోనే. ఇన్సులిన్ కిందికి పోయే పెట్టెలో అసలు వద్దు, చలికి పాడవుతుంది. 16 గంటలు ఒకేచోట కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటా రెండు గంటలకి ఒకసారి లేచి నడవాలి, కూర్చునే మడమలు పైకీ కిందికీ ఆడించాలి, నీళ్లు తాగాలి. బాత్రూమ్‌కి లేవాలని మొహమాటపడి నీళ్లు మానేస్తారు మన అమ్మలు. అందుకే నడవ పక్క సీటు తీసుకోండి.

పెందుర్తి_లక్ష్మి
నడవ పక్క సీటు, వంద శాతం. మా అత్తగారు కిటికీ పక్కన కూర్చుని పక్కవాళ్లని లేపలేక తొమ్మిది గంటలు కదల్లేదు.

ఎంవీపీ_సెక్టార్6
వచ్చేటప్పుడు కూడా ఇంతేనా? మా బావగారు రావడం తొందరగా అయిందంటారు.

ఫ్లైట్_పిచ్చి
తొందరే. పైన పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి గాలి నది లాగా పారుతుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. ఒక్కోసారి గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది. వెళ్లేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. అందుకే దోహా-డాలస్ 16 గంటలైతే డాలస్-దోహా పద్నాలుగున్నరకి అటూ ఇటూగా అవుతుంది. దారులు మూసుకుపోయినా టైము మారుతుంది. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ మన విమానాలని తమ మీదుగా రానివ్వకపోవడంతో ఢిల్లీ నుంచి అమెరికా పోయే మన విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది, కొన్నింటిని నూనె కోసం మధ్యలో యూరప్‌లో దింపారు.

డాలస్_పిన్ని
పచ్చి కరివేపాకు పెట్టకు బాబూ, ఇక్కడ రానివ్వరు. ఆవకాయ బాగా మూత బిగించి కింద పెట్టెలో పెట్టొచ్చు. ఏం తెచ్చినా అడిగినప్పుడు ఉందని చెప్పమను, చెప్తే తీసుకుని పంపేస్తారు, దాస్తేనే ఫైన్.

గాజువాక_అబ్బాయి
మొదటి టికెట్టే కొన్నాను. ఒకే పీఎన్ఆర్, వీల్‌చెయిర్, నడవ పక్క సీటు, శాకాహార భోజనం. హైదరాబాద్‌లో ఏడు గంటల గురించి అమ్మకి ముందే చెప్పేశాను, పులిహోర పట్టుకెళ్తానంది. మాస్టారూ, అమ్మకి దారం పెట్టి గ్లోబు చూపించాను. కాశీ పక్కనుంచి పోతుందంటే, మరి కాశీలో ఆగదా అని అడిగింది.

బొబ్బిలి_మాస్టారు
వచ్చాక కాశీ తీసుకెళ్లు నాయనా.

గాజువాక_అబ్బాయి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, చెప్పకపోతే బాగుండదని. అమ్మ క్షేమంగా చేరింది. అనుకున్నట్టే ఆ రోజు సాయంత్రం గాలివాన, వైజాగ్ విమానం గంటా పదిహేను నిమిషాలు లేటు. ఏడు గంటల గ్యాపు ఉండబట్టి ఏమీ కాలేదు. రెండో టికెట్ అయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే భయం వేసింది, లక్ష్మి అక్కకి రుణపడి ఉంటాను. దోహాలో వీల్‌చెయిర్ తోసినతను కేరళ అబ్బాయి, భాష రాకపోయినా అమ్మకి టీ తెచ్చి ఇచ్చాడట. దోహా-డాలస్ 15 గంటల 40 నిమిషాలు పట్టింది. ముందు సీటు వెనక స్క్రీన్ మీద విమానం బొమ్మ కదలడం చూస్తూనే ఉందట, కింద తెల్లగా మంచు నేల వచ్చినప్పుడు పక్క సీటావిడ కిటికీ తెర పైకెత్తి చూపించిందట. 3.50కి దిగింది, ఇమిగ్రేషన్, పెట్టెలు అయి బయటికి వచ్చేసరికి 5.20. అప్పటికి ఇక్కడ మాకు సోమవారం తెల్లవారుజాము 3.50, నేను నిద్రపోలేదు. గాజువాకలో ఇంటి గుమ్మం దగ్గర శనివారం సాయంత్రం 4.30కి బయలుదేరింది, అక్కడ అక్క ఇంట్లో కాలు పెట్టింది 6.15కి. లెక్క వేస్తే 36 గంటల 15 నిమిషాలు.

సీతమ్మధార_సిరి
గుమ్మం నుంచి గుమ్మానికి 36! ఇదే అందరికీ చెప్పాల్సిన నంబరు.

పెందుర్తి_లక్ష్మి
చల్లటి మాట చెప్పావు తమ్ముడూ. అక్కకి ఎలా ఉంది?

గాజువాక_అబ్బాయి
పాప పుట్టింది అక్కా, ఇద్దరూ బాగున్నారు. ఒక్కటే, అమ్మ నాకు చెప్పకుండా చేతి సంచిలో కరివేపాకు పెట్టుకుంది. ఆఫీసరు అడగ్గానే తీసి చూపించేసింది, వాళ్లు తీసుకుని పంపించారు. ఫైన్ లేదు కానీ, పులుసులోకి కరివేపాకు లేదని మూడు వారాలుగా అంటూనే ఉంది.

డాలస్_పిన్ని
మా పెరట్లో కుండీలో పెద్ద చెట్టే ఉంది, చలికాలంలో గరాజ్‌లో పెట్టి కాపాడుకుంటాను. అక్క నంబరు నాకు విడిగా పంపు, శనివారం నేనే తీసుకెళ్లి ఇస్తాను. పాపని కూడా చూసినట్టుంటుంది.